చుక్కల గీత

పేటెంటు బొమ్మల్లో మనుషులకు ముఖం ఉండదు.
ఔలు పట్నంలో ముప్పయ్యేళ్లు
నల్ల సిరాతో, మూడు పాళీలతో నేను గీసిందదే:
యంత్రానికి నిండు గీత,
యంత్రం పక్కన నిలబడ్డ మనిషికి చుక్కల గీత.
మనిషిని కనిపెట్టింది మేం కాదు కదా,
హక్కు అడగకూడదు.

వేయిక్కో సారెన్‌పా మొదటిసారి నా దగ్గరికి వచ్చింది
పెరుగు డబ్బా మూత పట్టుకుని.
బూట్ల మంచు గుమ్మంలో దులపడం మరిచి
మూతని కిటికీకి అడ్డం పెట్టి,
ఏమైనా కనిపిస్తోందా? అన్నాడు.
తెల్లగా, మసగ్గా, ఏమీ లేదు.
"కంటికి గోడ. వేడికి కిటికీ."
దాని మీద వలయాలుగా గాట్లు పెడితే
గదిలో ఏ మూల వెచ్చని ఒళ్లు కదిలినా
ఆ వేడంతా పోగై, బార్లీ గింజంత చోట వచ్చి పడుతుందట.
బొమ్మ ఒకటి. కటకం, 10. గాట్లు, 12.

ఆ తర్వాత ఏటా ఒకటో రెండో.
ఆవిరి పట్టకముందే పట్టబోతోందని పసిగట్టే అద్దం.
పొయ్యి ఆర్పామో లేదో అని
సగం దారిలోంచి వెనక్కి పరిగెత్తనక్కర్లేని తలుపు గడియ.
నవంబరులో మూడింటికే కమ్మే చీకటికి
బాలింత గదిలో వత్తి పెంచినట్టు
తమంతట తామే మెల్లగా పెరిగే దీపాలు.
అన్నీ ముందు వాళ్లింట్లోనే,
ఇంకెరి ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా.

ఇంకెరి రేవు కార్యాలయంలో లెక్కలు రాసేది.
సాయంత్రం పదకేళి పత్రిక ఒళ్లో వేసుకు కూర్చుందంటే
ఏటి ఒడ్డున కొంగ కూడా అంత కదలకుండా నిలబడదు.
పదకొండు నిమిషాలు కాగానే ఇల్లు
ఎవరూ లేరనుకుని దీపం ఆర్పేసేది.
ఆ చీకట్లో పెన్సిలున్న చెయ్యి పైకెత్తి ఊపేది,
రైలెక్కినవాళ్లకు ఊపినట్టు.
వెలుగొచ్చేది.
"నేనున్నానని నీ ఇంటికి
రోజుకి ఆరు సంతకాలు పెట్టాలి" అనేది,
అడ్డం పదిహేడు నింపుతూ.

ఆ చలికాలమే మ్యూనిక్ నుంచి పరీక్షాధికారి ఉత్తరం.
నాలుగో హక్కులో 'ఖాళీ గది' అన్నారు.
ఖాళీ అంటే ఏమిటో స్పష్టంగా లేదు.
నిర్వచించగలరు. గడువు నాలుగు నెలలు.

కదలిక లేని గది, అని రాశాడు.
ఎందుకు కొట్టేశాడో చెప్పక్కర్లేదు.
వేడి లేని గది. పొయ్యి ఆరి గంటైనా గోడలింకా వెచ్చగానే ఉన్నాయి.
ఊపిరి లేని గది. బల్ల కింద కుక్క.
మనిషి ఊపిరి లేని గది, అని
ఆ రెండు ఊపిర్ల తేడా కొలవడానికి
ఫిబ్రవరి అంతా, నిద్రపోతున్న ఇంకెరి పక్కన
మీటరు పట్టుకుని కూర్చున్నాడు.
నిమిషానికి పదమూడు. కలొస్తే పదిహేడు.
కుక్క లెక్కకి దొరకలేదు.

గడువు రెండ్రోజులుందనగా వచ్చి
నాలుగోది తీసేయమన్నాడు.
"ఖాళీ అంటే ఏమిటో నాకు తెలీదు."
ఓడినట్టు కాదు,
కొట్టువాడు చిల్లర లేదన్నట్టు.
మిగతా తొమ్మిదీ ఇచ్చారు.

దానికి కొత్త బొమ్మ కావాల్సి వచ్చింది. బొమ్మ ఏడు.
కుర్చీ, 38. కుర్చీలో మనిషి, 40.
నలభై అంటే ఎవరో మ్యూనిక్‌కి తెలీదు.
చుక్కచుక్కగా గీశాను: భుజం, వంచిన తల, ఒళ్లో పత్రిక.
పైకెత్తిన చేతి దగ్గర పాళీ ఆగలేదు.
మణికట్టు నుంచి వేళ్ల కొసదాకా, మహా అయితే రెండు సెంటీమీటర్లు,
నిండు గీత.

అక్కడెవరూ గమనించలేదు.
వేయిక్కో చూశాడో లేదో, సంతకం పెట్టాడు.
చట్టం లెక్కన ఇరవయ్యేళ్లు ఆ చెయ్యి అతని ఆవిష్కరణ.
మొన్న ఏప్రిల్‌తో గడువు తీరింది.
ఇప్పుడది ఎవరైనా వాడుకోవచ్చు.

నిన్న కంటి ఆసుపత్రి వసారాలో
చీటీలు పట్టుకుని నలుగురం కూర్చున్నాం,
మా ఊరి పద్ధతిలో, మధ్య ఒక్కో కుర్చీ వదిలి,
ఒకరితో ఒకరం మాట్లాడకుండా.
దీపం ఆరింది.
నలుగురం చెయ్యెత్తాం.